వానలో నోర్డ్‌లింగెన్ చూసొచ్చిన తమ్ముడికి

తమ్ముడూ,

వాన మీద నీకంత కోపం దేనికో నాకు అంతుపట్టలేదు. జర్మనీలో, బవేరియాలో ఉన్న నోర్డ్‌లింగెన్ అనే పాత ఊరి మీద నువ్వు పంపిన వ్యాసంలో మొదటి పేజీ మొత్తం వానని తిట్టడానికే సరిపోయింది. మ్యూనిక్‌లో బయల్దేరేటప్పుడు వాన, డోనౌవోర్త్‌లో రైలు మారేటప్పుడు వాన, దిగాక వాన, బూట్లలోకి నీళ్ళు, ఫోన్ కెమెరా మీద చుక్కలు, అంత ఎత్తు గోపురం ఎక్కితే మబ్బు తప్ప ఇంకేమీ కనిపించలేదని, టికెట్ డబ్బులు దండగని, రూమ్మేట్లు నీ మీద విసుక్కున్నారని. సరే, అదంతా నిజమే అయ్యుంటుంది. ఆ తర్వాత రెండు పేజీల్లో మాత్రం గొంతు ఒక్కసారిగా మారిపోయింది. 1327లో ఊరి చుట్టూ గోడ కట్టడం మొదలైంది, ఐదు ద్వారాలున్నాయి, గోడ పొడవు సుమారు 2.7 కిలోమీటర్లు, సెయింట్ జార్జ్ చర్చి గోపురం ఎత్తు 90 మీటర్లు, మెట్లు 350. చివర్లో "కాలంలో వెనక్కి వెళ్ళినట్టు అనిపించింది" అని ముగించావు.

ఆ చివరి వాక్యం ముందు కొట్టెయ్. యూరప్‌లో పాత ఊరు చూసొచ్చిన ప్రతివాడూ అదే రాస్తాడు, రాసినవాడికి తప్ప ఎవరికీ ఏమీ అనిపించదు. పైగా నువ్వెక్కడికీ వెనక్కి వెళ్ళలేదు. ఆ రోజంతా ఫోన్లో వాన ఎప్పుడు తగ్గుతుందా అని చూసుకుంటూ గడిపానని నువ్వే రాశావు కదా!

"భాష బావుందా అక్కా?" అని అడిగావు. భాష బానే ఉంది, ఆ టెన్షన్ పెట్టుకోకు. ఇబ్బంది ఇంకోచోట ఉంది. నువ్వు నడిచిందంతా మొదటి పేజీలో ఉండిపోయింది, నువ్వు తెలుసుకున్నదంతా తర్వాతి పేజీల్లో కుప్పపోశావు. ఆ సంఖ్యలన్నీ చూస్తే విస్తట్లో అన్నం పడకముందే పచ్చళ్ళూ పొడులూ అన్నీ వడ్డించేసి వెళ్ళిపోయినట్టుంది. ఏ సంగతి ఏ చోట చెప్పాలి అన్నది నీ కాళ్ళు నిర్ణయించాలి. నువ్వు ఎక్కడ నిలబడితే చదివేవాడికి "ఇదెందుకు ఇలా ఉంది?" అన్న ప్రశ్న వస్తుందో, జవాబు సరిగ్గా అక్కడ ఉండాలి. అంతకు ముందు చెప్తే గైడ్ బుక్ అవుతుంది, తర్వాత చెప్తే ఎవడికీ అక్కర్లేదు. ఈ ఉత్తరంలో నేను చెప్పేదంతా ఈ ఒక్క ముక్క చుట్టూనే తిరుగుతుంది, కాబట్టి ఇక్కడే ఒప్పేసుకుంటే మిగతాది త్వరగా చదివేయొచ్చు.

నీ మొదటి పేజీ మధ్యలో ఒక వాక్యం ఉంది. "కాసేపు గోడ ఎక్కి నడిచాం, అక్కడ తడవలేదు." మొత్తం వ్యాసంలో నాకు నచ్చింది అదే, నువ్వు మాత్రం దాన్ని దాటుకుని పరిగెత్తావు. తడవలేదంటే ఎందుకు తడవలేదు? ఆ ఊరి గోడ మీద, సిపాయిలు తిరిగే దారి పొడవునా, పెంకుల కప్పు ఉంది. ఎక్కడో ఒక ముక్క దగ్గర కాదు, ఊరి చుట్టూ మొత్తం ఉంది. జర్మనీలో గోడలున్న పాత ఊళ్ళు బోలెడున్నాయి గానీ, ఇలా ఊరంతా కప్పు కింద చుట్టి రాగలిగే గోడ తమదేనని ఆ ఊరివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. ఎండ కాసిన రోజు వెళ్ళినవాడికి ఆ కప్పు ఫోటోలో అందం. వాన రోజు వెళ్ళిన నీకు అది దేనికోసం కట్టారో ఆ పని కళ్ళముందే చేసి చూపించింది! కాపలావాడు రాత్రంతా అక్కడ నిలబడాలి. విల్లు తాడు తడిస్తే వదులవుతుంది, తర్వాత్తర్వాత తుపాకులొచ్చాక మందు తడిస్తే అసలు పేలదు. నువ్వు నీ ఫోన్‌ని తడవకుండా జాకెట్ లోపల దాచుకున్న చోటే, ఐదారు వందల ఏళ్ళ కింద ఒకడు తన మందుసంచి దాచుకుని ఉంటాడు. కట్టినవాడి బుర్రలోకి నిన్ను తీసుకెళ్ళింది నువ్వు తిట్టుకున్న ఆ వానే.

నేను వెళ్ళినప్పుడూ వానే పడింది, అందుకే నీ మీద కొంచెం చొరవ తీసుకుంటున్నాను. ఆ దారి ఎంత ఇరుకో నీకు తెలుసు, గొడుగు మూసేయాల్సిందే, ఎదురుగా ఎవరైనా వస్తే ఒకళ్ళు గోడకి ఒత్తుకోవాలి. చెక్క పలకల మీద అడుగుల చప్పుడు, పైన పెంకుల మీద వాన చప్పుడు. బయటివైపు సన్నటి కంతలు, అందులోంచి చూస్తే ఒక చెట్టో ఒక కారో కనిపిస్తాయి. లోపలివైపు మాత్రం అడ్డేమీ లేదు. అక్కడి ఇళ్ళ పెరళ్ళు, కట్టెల కుప్పలు, తడుస్తున్న పిల్లల సైకిళ్ళు, వంటింటి కిటికీలు మొత్తం కనిపిస్తాయి. బయట శత్రువుని చూడ్డానికి కట్టిన గోడ మీద నిలబడి మనం లోపలివాళ్ళ కాపురాలు చూస్తున్నాం అన్నమాట. నాకైతే కొంచెం సిగ్గేసింది. నీకేం అనిపించిందో రాయి. ఏమీ అనిపించకపోతే, కనిపించినవే రాయి, అనిపించినట్టు నటించకు.

తోళ్ళు పదునుచేసేవాళ్ళ పేటలోంచి కూడా నడిచావు, ఫోటో వల్ల తెలిసింది. కింద "క్యూట్ హౌసెస్" అని రాశావు. ఆ ఇళ్ళు ఎందుకంత ఎత్తుగా ఉన్నాయి, అటకల దగ్గర ఎందుకు అంతంత ఖాళీలు వదిలారు? తోళ్ళు ఆరేయడానికి, గాలి ఆడాలి గనక. పక్కనే ఎగర్ ఏరు ఎందుకుంది? ఆ పనికి నీళ్ళు కావాలి, మురికి కొట్టుకుపోవాలి. ఈ పేట ఒకప్పుడు ఊరి గోడకి బయట ఉండేది, ఎందుకుండేదో కంపు ఊహించుకుంటే నీకే తెలుస్తుంది. మొదట్లో ఊరికి ఇంకో చిన్న గోడ ఉండేది, ఇప్పటికీ మ్యాప్ తీసి చూస్తే వీధులు ఆ పాత గుండ్రాన్నే పట్టుకుని తిరుగుతాయి. 1327లో, మరుసటి ఏడాది చక్రవర్తి అయిన బవేరియా లూయీ కాలంలో, బయట ఉన్న చేతిపనివాళ్ళ పేటలన్నిటినీ లోపలికి కలుపుకుంటూ పెద్ద గోడ మొదలుపెట్టారు. చూశావా, నీ వ్యాసంలో ఒట్టి సంవత్సరంగా పడి ఉన్న 1327, ఇక్కడికొచ్చేసరికి ఒక నిర్ణయం అయింది. ఎవర్ని లోపలికి రానివ్వాలి అన్న నిర్ణయం. వాన రోజు తోలు ఆరదు కదా అన్న సంగతి కూడా ఈ పేటలోనే చెప్పొచ్చు, నీ తడిసిన బూట్లకి అప్పుడొక అర్థం వస్తుంది.

"మన వరంగల్ కోటలాగే గుండ్రంగా ఉంది" అని ఒక పోలిక పెట్టావు. ఆ పోలిక తీసేయమని అనను, కానీ సగంలో వదిలేశావు. వరంగల్లోనూ వలయాల మీద వలయాలు, మట్టిగోడ ఒకటి, రాతిగోడ ఒకటి, ఇప్పటికీ లోపల జనం కాపురాలుంటున్నారు, అంతవరకు నిజం. కానీ వరంగల్ కాకతీయుల రాజధాని, రాజు తన గద్దె చుట్టూ కట్టుకున్న కోట. నోర్డ్‌లింగెన్‌కి రాజు లేడు. చక్రవర్తికి తప్ప ఇంకెవరికీ తలవంచని ఊరది, 1803 ప్రాంతంలో బవేరియాలో కలిసేదాకా తన పాలన తానే చూసుకుంది. వ్యాపారులు, చేతిపనివాళ్ళు, సంత మీద బతికిన ఊరు. చుట్టుపక్కల జమీందార్లని, ముఖ్యంగా ఓటింగెన్ ప్రభువుల్ని, బయట ఉంచడానికి గోడ కట్టుకున్నారు. అక్కడ గోడ లోపల రాజున్నాడు, ఇక్కడ రాజులాంటివాడు బయటున్నాడు. పోలిక చేస్తే ఈ తేడా దాకా వెళ్ళు, లేదంటే తెలుగువాడు చదువుతున్నాడు కదా అని ఒక తెలుగు ఊరి పేరు పడేసినట్టే ఉంటుంది.

ఇప్పుడొక గట్టి మాట. రాత్రి కాపలావాడు గోపురం మీంచి "సో గ్‌సెల్ సో" ("అలాగా నేస్తం, అలాగా" లాంటి మాట) అని అరిచిన కేక విని ఒళ్ళు గగుర్పొడిచిందని రాశావు. ఆ కేక రాత్రి పది నుంచి పన్నెండు దాకా అరగంటకోసారి వేస్తారు. నువ్వు సాయంత్రం ఆరింటి రైలెక్కావని రెండో పేజీలో ఉంది. యూట్యూబ్‌లో విన్నావా? అయితే యూట్యూబ్‌లో విన్నానని రాయి, దాంట్లో తప్పేముంది. లేదా "రైలు కోసం వచ్చేశాం, అందుకే ఆ కేక వినలేదు" అని రాయి, అది ఇంకా బావుంటుంది, ఎందుకంటే వినని కేక గురించి చదివేవాడికి కూడా కుతూహలం మిగులుతుంది. ట్రావెల్ రాసేవాడి దగ్గర ఉన్న ఆస్తి ఒక్కటే, అక్కడ వాడున్నాడన్న నమ్మకం. రైలు టైమ్ దగ్గర దొరికిపోయావంటే ఇక తోళ్ళ పేట గురించి నిజం చెప్పినా ఎవరూ నమ్మరు.

ఆ కేక వెనక కథ నువ్వు చరిత్రలా రాశావు. అది ఊళ్ళో చెప్పుకునే కథ. 1440లో ఓటింగెన్ ప్రభువు ద్వారపాలకులకి లంచమిచ్చి లోప్సింగర్ ద్వారానికి గడియ పెట్టకుండా చేయించాడని, రాత్రిపూట ఒక పంది ఆ తలుపుకి ఒళ్ళు రుద్దుకుంటుంటే తలుపు కదలడం అటుగా వెళ్తున్న ఒక ఆవిడ చూసిందని, ఆవిడ అన్న మాటే ఆ కేక అయిందని, ఊరు అలా బతికిందని. ఎంత మంచి కథ! ఊరంతా పంది బొమ్మలు ఎందుకున్నాయో దీనివల్ల తెలుస్తుంది. కానీ "అంటారు" అన్న ఒక్క మాట చేర్చు చాలు. "అంటారు" పెడితే కథ బలం తగ్గుతుందని చాలామంది కొత్తవాళ్ళు భయపడతారు, నిజానికి పెరుగుతుంది. చెప్పుకునే జనం కూడా కథలోకి వచ్చేస్తారు కదా, ఒక ఊరు తన ప్రాణం కాపాడింది సైన్యం కాదు ఒక పందీ ఒక ఆడమనిషీ అని ఇన్ని వందల ఏళ్ళుగా చెప్పుకుంటోందంటే ఆ ఊరివాళ్ళ స్వభావం గురించి అదే చాలా చెప్తుంది.

అదే ఊరు ఆడవాళ్ళని ఏం చేసిందో కూడా రాయాలి మరి. నువ్వు ఒక వాక్యంలో ముగించావు, కాఫీకీ కేకుకీ మధ్యలో. "ఇక్కడ మంత్రగత్తెల విచారణలు కూడా జరిగాయట." ఇది నాకు కష్టంగా అనిపించింది. 1589 నుంచి 1598 మధ్య ఆ చిన్న ఊళ్ళో 34 మంది ఆడవాళ్ళని, ఒక మగవాణ్ణి మంత్రగాళ్ళని చెప్పి కాల్చేశారు. మరియా హోల్ అని ఒక సత్రం నడిపే ఆవిడ, 1593లో పట్టుకెళ్ళి 62 సార్లు చిత్రహింస పెట్టినా చెయ్యని నేరం ఒప్పుకోలేదు, 1594లో వదిలేశారు. ఆవిడ ఇంకో నలభై ఏళ్ళు బతికింది. ఆవిడ పేరున ఊళ్ళో ఒక ఫౌంటెన్ ఉంది, నువ్వు బహుశా దాని పక్కనుంచే నడిచుంటావు. రెబెక్కా లెంప్ అని ఇంకొకావిడ, ఊరి ఖజానా లెక్కలు చూసే ఉద్యోగి భార్య, 1590లో చనిపోయింది. ఆవిడ జైల్లోంచి మొగుడికి రాసిన ఉత్తరాలు, పిల్లలు ఆవిడకి రాసింది, ఇప్పటికీ ఉన్నాయి. ఇంటి దగ్గర అంతా బానే ఉంది, నువ్వు ఇంటి గురించి దిగులు పెట్టుకోకు అని పిల్లలు రాశారు. ఇలాంటిది రాసేటప్పుడు విశేషణాలు దగ్గరికి రానీకు. "హృదయవిదారకమైన", "అమానుషమైన" లాంటివి ఒక్కటి పెట్టినా ఆ పిల్లల ఉత్తరం ముందు నీ గొంతు అడ్డం వస్తుంది. పేరు, సంవత్సరం, వాళ్ళేం చేశారు, ఏం రాశారు, అంతే. తర్వాత పేరా మార్చెయ్. దీనికి చోటివ్వలేనంటే మొత్తం వదిలెయ్, కేకు పక్కన మాత్రం పెట్టొద్దు.

ఇక నీ పెద్ద ఫిర్యాదు, గోపురం ఎక్కితే ఏమీ కనపడలేదని. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నీ వ్యాసానికి నడిబొడ్డు ఇదేనని నా అభిప్రాయం.

ఎండ రోజు ఎక్కినవాడికి ఆ గోపురం మీంచి ఏం కనిపిస్తుంది? ఎర్ర పెంకుల కప్పులు, వాటి చుట్టూ గుండ్రంగా గోడ, ఆ గోడకి అవతల చదును పొలాలు, ఆ పొలాల చివర దూరంగా చుట్టూ చెట్లున్న తక్కువ ఎత్తు కొండల వరస, అది కూడా గుండ్రంగానే. ఆ రెండో గుండ్రం ఎవరూ కట్టింది కాదు. దాదాపు కోటిన్నర ఏళ్ళ కింద ఆకాశం నుంచి కిలోమీటరుకి పైగా ఉన్న రాయి ఒకటి వచ్చి గుద్దితే పడిన గుంట అంచు అది. గుంట అడ్డంగా సుమారు 25 కిలోమీటర్లు. ఊరు మొత్తం, గోడతో సహా, ఆ గుంట లోపల కూర్చుని ఉంది. నీకు మబ్బు అడ్డమొచ్చి ఆ అంచు కనపడలేదు, దిగులుపడ్డావు. కానీ కిందకి దిగి చర్చి గోడ మీద చెయ్యి వేసి చూశావా? ఆ చర్చి కట్టిన రాయి స్యూవైట్. గుద్దుడికి కరిగి, చిట్లి, మళ్ళీ గట్టిపడిన రాయి. బూడిద, ఆకుపచ్చ కలిసిన రంగులో ఉంటుంది, మధ్యమధ్యలో నల్లటి గాజు ముక్కలు చిక్కుకుని ఉంటాయి. ఏ రాయైనా తడిస్తే రంగు ముదురుతుంది, కాబట్టి ఆ మచ్చలు బాగా తేలేది వాన రోజునే! పైకెక్కినవాడు 25 కిలోమీటర్ల గుంటని దూరం నుంచి చూస్తాడు, కింద తడిసిన గోడ పక్కన నిలబడినవాడు అదే గుంటని అంగుళం దూరంలో చూస్తాడు. ఆ రాతిలో కంటికి ఆననంత చిన్న వజ్రాలు కూడా ఉన్నాయి, రాతిలో ఉన్న గ్రాఫైట్ ఆ దెబ్బకి వజ్రంగా మారింది.

ఇంకో సంగతి. ఆ చర్చి 1427లో మొదలుపెట్టి 1505లో ముగించారు. కట్టినవాళ్ళకి ఆ రాయి ఎలా పుట్టిందో తెలీదు. తర్వాత కూడా చాలాకాలం అది అగ్నిపర్వతం రాయనే అందరూ అనుకున్నారు. 1960లో యూజీన్ షూమేకర్, ఎడ్వర్డ్ చావో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ ప్రాంతం రాళ్ళలో కోయెసైట్ ఉందని కనిపెట్టారు. ఇసుకలో ఉండే క్వార్ట్‌జ్‌కే అది ఇంకో రూపం, భయంకరమైన ఒత్తిడి పడితే తప్ప తయారవదు, అగ్నిపర్వతానికి అంత ఒత్తిడి లేదు. అలా తేలింది పైనుంచి రాయి పడిందని. 1970లో అపోలో 14 మనుషులు, చంద్రుడి మీద నడవబోయే అలన్ షెపర్డ్, ఎడ్గర్ మిచెల్, వాళ్ళతోపాటు ఇంకో ఇద్దరు, ఇక్కడికొచ్చి రాళ్ళు గుర్తుపట్టడం నేర్చుకున్నారు. చంద్రుడి మీదున్నవన్నీ ఇలాంటి గుంటలే కదా, అక్కడికెళ్ళి ఏ రాయి ఏరాలో ముందు తెలియాలి. ఈ గుంట గురించి పెట్టిన క్రేటర్ మ్యూజియం షూమేకర్ పేరు పెట్టిన కూడలిలో ఉంది, అక్కడ అపోలో 16 తెచ్చిన చంద్రుడి రాయి ఒకటి పెట్టారు. నువ్వు వాన తగ్గేదాకా ఆ మ్యూజియంలో దూరావని రాశావు, "టైమ్‌పాస్‌కి" అన్నావు. అబ్బాయ్, ఊరి గుట్టంతా అక్కడుంది!

ఆ రాయికి ఒక జబ్బు కూడా ఉంది. స్యూవైట్ వానకీ మంచుకీ త్వరగా పాడవుతుంది, అందుకని ఆ చర్చికి రిపేర్లు తప్పవు. అంటే నువ్వు తిట్టుకున్న వాన ఆ చర్చిని కొంచెం కొంచెంగా తినేస్తోంది. నీ బూట్లు తడవడం ఒక చిన్న విషయం, గోపురం తడవడం ఒక ఊరి ఖర్చు. వానని ఇలా వ్యాసంలోకి తెస్తే దాన్ని తిట్టినా నాకు అభ్యంతరం లేదు.

ఇంకా ఒక ప్రశ్న నువ్వు అడగలేదు, అడగాల్సింది. ఇంత పాతది ఇలా ఎలా మిగిలింది? "చక్కగా కాపాడుకున్నారు" అని రాశావు. సగమే నిజం. 1634లో, యూరప్‌లో కాథలిక్, ప్రొటెస్టెంట్ పక్షాల మధ్య సాగిన ముప్పై ఏళ్ళ యుద్ధంలో, ఆ ఊరి పక్కనే పెద్ద యుద్ధం జరిగింది, స్వీడన్ పక్షం చిత్తుగా ఓడిపోయింది, ముట్టడిలో ఉన్న ఊరు లొంగిపోయింది, ఆకలి, రోగం, చావులు. మరియా హోల్ చనిపోయింది కూడా ఆ ఏడాదే. ఆ దెబ్బ నుంచి ఊరు మళ్ళీ మునుపటిలా లేవలేదు, వ్యాపారం వేరే దారులు పట్టింది. డబ్బున్న ఊళ్ళు పాత ఇళ్ళు పడగొట్టి కొత్తవి కట్టుకున్నాయి, వీళ్ళకి ఆ స్తోమత లేకపోయింది. పంతొమ్మిదో శతాబ్దంలో గోడలు కూల్చడం మొదలైతే, 1826లో బవేరియా రాజు మొదటి లుడ్విగ్ పాత ఊళ్ళ గోడలు కూల్చకూడదని ఉత్తర్వు ఇచ్చాడు. అందమంటే ఇక్కడ చాలావరకు చేతిలో డబ్బు ఆడకపోవడం వల్ల మిగిలింది. మనం ముచ్చటపడే ప్రతి పాత వీధి దగ్గరా ఈ ప్రశ్న వేసుకోవడం నాకలవాటు, పోయినవెందుకు పోయాయి, ఉన్నవెందుకు ఉన్నాయి అని.

(మధ్యలో ఒక మాట. నువ్వు బవేరియాలోనే ఉన్న ఇంకో పాత ఊరు రోథెన్‌బుర్గ్ గోడని "చెక్కుచెదరని మధ్యయుగపు గోడ" అన్నావు. 1945 మార్చి 31న అక్కడ బాంబులు పడ్డాయి, గోడలో చాలా భాగం కూలింది, ప్రపంచం నలుమూలల నుంచి విరాళాలొస్తే తిరిగి కట్టారు, ఇచ్చినవాళ్ళ పేర్లు రాళ్ళ మీద చెక్కి ఉంటాయి. నీ ఫోటోలోనే ఒకటి కనిపిస్తోంది, పెద్దది చేసి చూడు.)

ఇంకొకటి నువ్వు తప్పిపోయింది, టౌన్‌హాల్ బయటి రాతిమెట్లు. వాన నుంచి దాక్కోడానికి ఎదురుగా నిలబడి ప్రెట్జెల్ తిన్నామని రాశావు. ఆ మెట్లు 1618లో కట్టారు, ముప్పై ఏళ్ళ యుద్ధం మొదలైన ఏడాది. మెట్ల కింద తలుపు దగ్గర ఒక విదూషకుడి బొమ్మ చెక్కి, "ఇప్పుడు మనం ఇద్దరమయ్యాం" అని రాసిపెట్టారు. చదివినవాడు ఎవడైతే వాడే ఆ రెండో వెధవ. రోడ్డు దాటి ఉంటే నీకు నవ్వు దొరికేది. వ్యాసంలో నవ్వు అస్సలు లేదు, అదొక లోటు.

కొన్ని పనికొచ్చే మాటలు చెప్పి ఆపుతాను. వానలో నోట్‌బుక్ తీయలేవు కాబట్టి ఫోన్లో గొంతు రికార్డ్ చేసుకో, కానీ "వావ్ సూపర్" అని కాకుండా కనిపిస్తున్నవాటి పేర్లు చెప్పు, రంగు, ఎత్తు, ఏ వైపు. రైల్లో వెనక్కి వచ్చేటప్పుడే రాసెయ్, ఇంటికెళ్ళి స్నానం చేశాక అంతా అందంగా అయిపోతుంది, ఆ అందం నమ్మకు. రూమ్మేట్లు విసుక్కోవడం ఉంచు, అది నిజమైన మనుషుల గొంతు, కానీ వాళ్ళేం అన్నారో అన్నట్టే రాయి. రైలు ప్రయాణం మొత్తం తీసెయ్, డోనౌవోర్త్‌లో రైలు మారడం ఎవరి జీవితాన్నీ మార్చదు. గోడ మెట్ల దగ్గర మొదలుపెట్టు, గొడుగు మూస్తూ. సంఖ్యల్లో సగం పోతాయి, పోనీ, మిగిలినవి నువ్వు నిలబడ్డ చోట్ల దగ్గర పెట్టు. చంద్రుడి రాయితో ముగించాలని నీకు తప్పకుండా అనిపిస్తుంది, గొప్పగా ఉంటుందని. వద్దు. దాన్ని మధ్యలో ఎక్కడో పెట్టి, రైలు టైమ్ అయిందని పరిగెత్తిన దగ్గర ఆపెయ్, నిజంగా జరిగింది అదే కదా.

సెలవులు దొరికితే మళ్ళీ వెళ్ళు, ఈసారి రాత్రి అక్కడే ఉండేలా ప్లాన్ చేసుకో, ఆ కేక విని రా. సోమవారం మాత్రం వెళ్ళకు, క్రేటర్ మ్యూజియం మూసేసి ఉంటుంది. రెండో ప్రతి పదిహేను వందల మాటల్లోపు పంపు, ఫోటోలు లేకుండా.

అక్క